తిన్నని బాటలో వంకర స్టీరింగు

గుత్తినుండి అనంతపురము మీదుగా పెనుకొండకు పోవు 44వ నంబరు జాతీయ రహదారి చాల దూరము నూలు పట్టినట్లు తిన్నగా సాగును. ఇరుప్రక్కల ఎర్రనేలలు, వేరుసెనగ చేలు, అక్కడక్కడ రాతిగుట్టలు. ఈ బాటపై కారు నడుపువారికి చేతిపని తక్కువ. అందుచేతనే, పట్టణపు సందులలో కంటబడని ఒక చిన్నలోపము ఇచ్చట మొదటి పది నిమిషములలోనే బయటపడును. బండి తిన్నగా పోవుచుండును. చేతిలోని స్టీరింగు చక్రము మాత్రము ఒక ప్రక్కకు వ్రాలియుండును.

మా పరిచితులైన ఒక ఉపాధ్యాయులు బ్యాంకులో అప్పు చేసి క్రొత్తకారు కొన్నప్పుడు మేము వారితో ఈ దారిన ప్రయాణము చేసితిమి. బండి ఇంటికి వచ్చి మూడు వారములైనను కాలేదు. ముందు ఆసనమున వారి తండ్రిగారు కూర్చుండిరి. ఆయన నలుబది ఏండ్లు మడక పట్టిన రైతు. అనంతపురము దాటిన కొంతసేపటికి ఆయన కొడుకు చేతులవైపు తేరిపార జూచి, “ఏమిరా, మేడి పక్కకు వంచి సాలు నేరుగా తోలినట్టుండాదే!” అనిరి. “కొత్తబండి గదా నాయనా, నాలుగు దినాలు తిరిగితే అదే సర్దుకుంటాది” అని కొడుకు బదులు చెప్పెను.

వెనుక కూర్చున్న మాకు ఆ రెండు మాటలలో మొదటిది అక్షరాల నిజమనియు, రెండవది పొరపాటనియు తోచినది. ఆ పొరపాటు చాలమంది చేయునదే కావున, దానినిగురించి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఈ పీఠభూమికి కారు ఇప్పుడు పరాయి వస్తువు కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను ఈ సీమలో, పెనుకొండ చెంతనున్న ఎర్రమంచి గ్రామమున కార్ల కర్మాగారము నెలకొల్పుటకు కొరియా దేశపు కియా సంస్థ 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొన్నది. 2019 ఆగస్టు 8వ తేదీన అచ్చటినుండి మొదటి సెల్టోస్ కారు బయటికి వచ్చినది. 2023 జూలైలో ఆ సంస్థ పది లక్షలవ కారును తయారుచేసినది. నాడు అనంతపురము జిల్లాలోనుండిన ఆ ఊరు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఒకనాడు ఎడ్లబండ్లు తప్ప ఎరుగని పల్లెలలో నేడు ఇంటిముందర కారు నిలిచియుండుట వింత కాదు. మేము చెప్పబోవు లోపము ఏ ఒక్క సంస్థవారి బండికో పరిమితమైనది కాదు; నాలుగు చక్రములు గల ప్రతి బండికిని రాదగినదే.

పెద్ద కార్ల కర్మాగారములలో తయారీ ముగియు తావున ఒక పరీక్ష జరుగును. కారును ఉరుళ్ళు గల యంత్రముపై నిలిపి, స్టీరింగు చక్రమును మట్టముగా నిలిపి, నాలుగు టైర్లును ఏయే దిశలకు చూచుచున్నవో కొలుతురు. తేడా ఉన్నచో క్రిందినుండి సవరింతురు. దీనినే వీల్ అలైన్‌మెంటు అందురు. చక్రములను ఒకదానితో నొకటి, బండితోడను సరిపొందించుట అని దాని భావము. ఇంత జరిగియు లోపమెట్లు వచ్చునో తెలియవలెనన్నచో స్టీరింగు నిర్మాణమును కొంచెము తెలిసికొనవలెను.

ఎడ్లబండికి స్టీరింగు లేదు. ఎడ్లు మళ్ళినచో కాడి మళ్ళును, కాడితో బండి మొత్తము మళ్ళును. పూర్వపు నాలుగు చక్రముల గుఱ్ఱపుబండ్లలో ముందరి ఇరుసు మొత్తము తిరుగుచుండెడిది. మలుపులో లోపలి చక్రము చిన్న వలయమున, వెలుపలి చక్రము పెద్ద వలయమున తిరుగవలెను గదా! కావున ఇరుసును కదల్పక, రెండు చక్రములను వేరువేరు కోణములలో త్రిప్పు పద్ధతిని మ్యూనిక్ నగరపు బండ్ల నిర్మాత గెయార్గ్ లాంకెన్‌స్పెర్గర్ రూపొందించెను. దానికి 1818లో రుడాల్ఫ్ ఆకర్మన్ ఇంగ్లండులో పేటెంటు పొందెను. నేటి కార్ల స్టీరింగునకు మూలసూత్రమదియే.

నేటి కారులో స్టీరింగు కడ్డీ చివర ఒక చిన్న పళ్ళచక్రముండును. అది అడ్డముగా అమర్చిన ఒక పళ్ళబద్దను కుడికి ఎడమకు జరుపును. ఆ బద్ద రెండు కొనలనుండి రెండు కడ్డీలు బయలుదేరి చెరియొక ముందుచక్రమును పట్టుకొనియుండును. వీనికి టై రాడ్లని పేరు. ప్రతి టై రాడ్డుకును మర ఉండును. ఆ మరను త్రిప్పినచో కడ్డీ పొడవు కొంచెము హెచ్చును లేక తగ్గును; ఆ ప్రక్క చక్రము చూచు దిశ మారును. ఈ రెండు మరలే మన కథకు కీలకము.

చక్రములకు మూడు కోణములు ముఖ్యము. ఎదుటినుండి చూచునప్పుడు చక్రము నిలువుగానున్నదా, లోనికో వెలుపలికో ఒరగియున్నదా అనునది కేంబరు. ప్రక్కనుండి చూచునప్పుడు, చక్రము ఏ అక్షముపై కుడియెడమలకు తిరుగునో ఆ అక్షము వాలు కాస్టరు. సైకిలు ముందరి ఫోర్కు వాలు ఇట్టిదే; మలుపు తిరిగిన పిమ్మట స్టీరింగు తనంతట తాను నడుమకు వచ్చుటకు ఈ వాలు తోడ్పడును. ఇక పైనుండి చూచునప్పుడు రెండు టైర్ల ముందు అంచులు ఒకదానివైపు ఒకటి మొగ్గియున్నవా, ఎడముగానున్నవా అనునది టో. స్టీరింగు వంకరకు తరచుగా కారణమగునది ఈ మూడవది.

టో సంగతి ఎడ్లతో పోల్చినచో సులభముగా తెలియును. కాడికి కట్టిన రెండెడ్లును ఒకదానిపై నొకటి ఒరగి నడచుచున్నవనుకొందము. బండి తిన్నగానే పోవును. కాని వాని బలములో కొంత ఒకదానినొకటి త్రోసికొనుటకే చెల్లును, మెడలు ఒరిసికొనిపోవును. రెండు చక్రముల మొత్తపు టో చెడిన కారు ఇట్టిది. స్టీరింగు మట్టముగానే ఉండవచ్చును, బండి తిన్నగానే నడువవచ్చును. కాని టైర్లు అరిగిపోవుచుండును.

అట్లుగాక, రెండెడ్లును ఒకదానికొకటి సరిగానే నడచుచున్నవి. దున్నువాడు మాత్రము మేడిని ప్రక్కకు వంచి పట్టుకొన్నాడనుకొందము. చాలు తిన్నగా వచ్చును, చేయి వంకరగా ఉండును. స్టీరింగు మాత్రమే వంకరగానున్న కారు ఇట్టిది. ఒక టై రాడ్డు ఉండవలసినదానికంటె కొంచెము పొడవుగను, రెండవది అంతే పొట్టిగను ఉన్నప్పుడు ఇట్లగును. ముసలి రైతు పలికిన మాటలో ఈ శాస్త్రమంతయు ఇమిడియున్నది.

కావున మొదట తెలిసికొనవలసినది ఇది: స్టీరింగు వంకరగా ఉండుట వేరు, బండి ఒక ప్రక్కకు లాగుట వేరు. చేతిపట్టు సడలించినప్పుడు స్టీరింగు వంకరగానే నిలిచి బండి తిన్నగా పోయినచో అది మొదటి జబ్బు. పట్టు సడలగానే బండి ప్రక్కకు జరిగిపోయినచో అది రెండవ జబ్బు. వాని కారణములు వేరు, చికిత్సలు వేరు. ఈ పరీక్షను రద్దీలేని చోట, సమతలమైన బాటపై, నెమ్మదిగా చేయవలెను. చేతులు చక్రమునుండి పూర్తిగా తీయరాదు. పట్టు సడలింపవలెనేగాని వ్రేళ్ళు చేరువనే ఉండవలెను.

బండి లాగుచున్నచో అలైన్‌మెంటును నిందించుటకుముందు మూడు సంగతులు చూడవలెను. మొదటిది బాట వాలు. వాననీరు నిలువకుండుటకై రోడ్డును అంచులవైపు వాలుగా వేయుదురు. ఈ సీమలో వాన అరుదైనను, కురిసిననాడు కుండపోతగా కురియును. కావున ఇచ్చటి రోడ్లకును ఆ వాలు తప్పదు. మన దేశమున ఎడమప్రక్కన నడుతుము గనుక కారు కొంచెము ఎడమకు జరుగుట సహజము. దానిని నిలుపుటకు స్టీరింగును కొంచెము కుడికి పట్టవలసివచ్చును. మా మిత్రుని స్టీరింగు ఎడమకు వ్రాలియుండెను. కావున ఆ నేరము బాటది కాదని మేమప్పుడే గ్రహించితిమి.

రెండవది టైర్లలో గాలి. ముందరి రెండు టైర్లలో ఒకదానియందు గాలి తక్కువైనచో బండి ఆ ప్రక్కకు లాగును. అనంతపురపు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట కొత్త కాదు. పది డిగ్రీల వేడి పెరిగినచో టైరు గాలి సుమారు ఒకటిన్నర రెండు పౌండ్లు పెరుగును. ఒక ప్రక్క ఎండలో, మరియొక ప్రక్క వేపచెట్టు నీడలో నిలిపిన కారు టైర్లను మధ్యాహ్నము కొలిచినచో రెండు ప్రక్కల రెండు లెక్కలు వచ్చును. వానినిబట్టి గాలి పట్టించినచో ఉదయమునకు నిజముగానే తేడా ఏర్పడును. కావున తెల్లవారుజామున, బండి కదలకముందే కొలువవలెను. మూడవది టైరో, బ్రేకో. టైరు అల్లికలోని తేడాచేత బండి లాగుచున్నచో, ముందరి టైర్లు రెండును కుడియెడమలు మార్చినప్పుడు లాగు దిశయు మారును. ఒక దిశకు మాత్రమే తిరుగవలెనని బాణపుగుర్తు గల టైర్లను ఇట్లు మార్చరాదు. బ్రేకు పట్టుకొనియున్నచో ఆ ఒక్క చక్రము తక్కినవానికంటె మిక్కిలి వేడెక్కును. దానిని చేతితో తాకి చూడక మెకానిక్కుకు చెప్పవలెను.

ఇక స్టీరింగు మాత్రమే వంకరగానున్నప్పుడు చేయవలసినదేమి? ఇచ్చటనే పెద్ద పొరపాటు జరుగుచుండును. నడిమి మరను విప్పి, స్టీరింగు చక్రమును ఊడదీసి, మట్టముగా త్రిప్పి, మరల బిగించుట కొందరు చూపు దగ్గరిదారి. ఇది మేడిని కోసి మరియొకవిధముగా అతికించుట వంటిది. స్టీరింగు చక్రము కడ్డీమీది పళ్ళలో కూర్చుండును. ఆ పళ్ళు 36 అనుకొన్నచో ఒక్క పన్ను జరిపినను 10 డిగ్రీలు మారును. 4 డిగ్రీల వంకరను దానితో సవరించుట సాధ్యము కాదు. పైగా పళ్ళబద్ద తన నడిమిస్థానమునుండి ప్రక్కకు జరిగి అట్లే ఉండిపోవును. అప్పుడు స్టీరింగు ఒకవైపు ఎక్కువ చుట్లు, మరియొకవైపు తక్కువ చుట్లు తిరుగును.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి ఉన్నది. మన దేశమున 2019 జూలై 1 నుండి తయారగు ప్రతి కారునందును నడుపువాని ఎదుట ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. అది స్టీరింగు చక్రము నడుమనే ఉండును. దానికి పోవు తీగ చక్రము క్రింద చుట్టగా అమరియుండును. ఎరుగనివాడు చక్రము ఊడదీసినచో ఆ తీగ తెగవచ్చును, ఎయిర్‌బ్యాగు పేలవచ్చును, లేదా ప్రమాదమునాడు పేలకపోవచ్చును. స్టీరింగు ఎంత తిరిగినదో కొలుచు చిన్న పరికరము కూడ నేటి అనేకమైన కార్లలో ఉన్నది. బండి జారకుండ కాపాడు ఏర్పాటునకు ఆ కొలతయే ఆధారము. కాబట్టి మట్టముగా కానవచ్చుటకై చక్రమును ఊడదీయుట అందము కొరకు ప్రాణమును పణముపెట్టుట యగును.

సరియైన చికిత్స క్రిందనున్నది. స్టీరింగును మట్టముగా నిలిపి కట్టి, ఒక టై రాడ్డును ఎంత పొడిగింతురో రెండవదానిని అంతే కురుచ చేయవలెను. అప్పుడు రెండు చక్రములును కలిసి ఒకేవైపునకు ఆవంత మళ్ళును. వాని పరస్పర సంబంధము చెడదు. చేయవలసిన సవరణ మిక్కిలి స్వల్పము. చాల కార్లలో స్టీరింగు సుమారు 15 డిగ్రీలు తిరిగినప్పుడు రోడ్డు చక్రము ఒక్క డిగ్రీ తిరుగును. స్టీరింగు అంచు ఒక వ్రేలి వెడల్పు వ్రాలియున్నదనగా దాని వంకర సుమారు 5 డిగ్రీలు. రోడ్డు చక్రముల దగ్గర అది డిగ్రీలో మూడవ వంతు మాత్రమే.

అయితే ముందుచక్రములను ముట్టకముందు వెనుకచక్రములను కొలిపింపవలెను. వెనుక ఇరుసు కొంచెము అడ్డముగా కూర్చున్నచో బండి వెనుకభాగము ఒక ప్రక్కకు త్రోయుచుండును. ముందరి చక్రములు దానికి ఎదురుగా మళ్ళి నిలువవలసివచ్చును. స్టీరింగు వంకరగా కానవచ్చును. వీధికుక్క ఒకానొకప్పుడు ఒంటిని అడ్డముగా పెట్టి తిన్నగా పరుగెత్తుట చూచుచుందుము గదా, అట్టి నడక ఇది. రోగము వెనుకనుండగా ముందర మందు వేసి ప్రయోజనమేమి? చాల చిన్నకార్లలో వెనుక కోణములను సవరించు మరలు ఉండవు. ఐనను కొలుచుటకు అడ్డమేమియు లేదు. అందుచేత నాలుగు చక్రముల కొలతను కోరవలెను.

క్రొత్తకారునకు ఈ అవస్థ ఏల అను ప్రశ్న మిగిలినది. కర్మాగారమున కొలతలు సరిగా ఉన్నను, బండి లారీపై ఎక్కి, పట్టాలతో బిగింపబడి, వందలమైళ్ళు కుదుపులతో ప్రయాణించును. దింపునప్పుడు చక్రము ఒక అంచుకు కొట్టుకొనవచ్చును. మొదటి కొన్నివందల కిలోమీటర్లలో స్ప్రింగులు, రబ్బరు బుష్షులు కొంత సర్దుకొని బండి ఎత్తు రవంత తగ్గవచ్చును. కొన్ననాడే వేగనిరోధకముపై దుముకుటయు, గుంటలో పడుటయు మన చేతులలోని తప్పులు. ఇన్నిటిలో ఏదైనను కారణము కావచ్చును. కాని, బిగించియున్న మర తనంతట తాను తిరిగి సరియగుట ఎన్నడును జరుగదు. “తిరిగితే సర్దుకుంటాది” అనుమాట ఇందుకే పొరపాటు. స్ప్రింగులు సర్దుకొనినచో కొలత ఇంకను మారవచ్చునేగాని నయమగునను నమ్మకము లేదు.

ఉపేక్షించినచో నష్టమెంత? స్టీరింగు మాత్రమే వంకరయై, మొత్తపు టో సరిగానున్నచో టైర్లకు హాని లేదు. కాని కొలువనిదే ఆ సంగతి తెలియదు. ఒక చక్రము తాను పోవలసిన దిశకు ఒక డిగ్రీ తప్పి చూచుచున్నచో, కిలోమీటరుకు 17 మీటర్లకు పైగా అది ప్రక్కకు ఈడ్వబడుచున్నదని లెక్క. డిగ్రీలో అయిదవ వంతు తప్పినను కిలోమీటరుకు మూడున్నర మీటర్లు. అనంతపురమునుండి పెనుకొండకు సుమారు 70 కిలోమీటర్లు. అనగా ఒక్కసారి పోవుటలో టైరు దాదాపు పావు కిలోమీటరు రోడ్డుపై గీచుకొనుచు పోవుచున్నదన్నమాట. టైరు అంచున చేతిని ఒకవైపు నిమిరినప్పుడు నునుపుగను, ఎదురుగా నిమిరినప్పుడు రంపపు పళ్ళవలెను తగిలినచో ఆ అరుగుదల మొదలైనదని గుర్తు. ఏండ్లతరబడి రావలసిన టైర్లు నెలలలో పోయినచో, కంతులు కట్టుకొను ఇంటికి అది చిన్న భారము కాదు. అరిగిన టైరు తొలకరి వానలో జారుటయు తెలిసిన సంగతియే.

మా మిత్రుడు మరునాడే బండిని పట్టణములోని ఒక వర్కుషాపునకు కొనిపోయెను. మేమును వెంట పోతిమి. అచ్చటి పనివాడు మొదట స్టీరింగు విప్పుటకే సిద్ధపడెను. ముందు కొలువుమని మేము పట్టుపట్టితిమి. స్టీరింగును మట్టముగా కట్టి కొలువగా, ఎడమచక్రము 0.40 డిగ్రీలు లోనికి, కుడిచక్రము 0.20 డిగ్రీలు వెలుపలికి చూచుచున్నట్లు తేలినది. రెండును కూడినచో లోనికి 0.20. మొత్తము ఆ బండికి నిర్ణయించిన హద్దులలోనే ఉన్నది. పంపకము మాత్రము చెడినది. వెనుక ఇరుసు సరిగా ఉన్నది. రెండు టై రాడ్లను ఎదురెదురుగా సవరించి, చక్రమునకు 0.10 చొప్పున లోనికి పెట్టి మరలు బిగించిరి. అరగంట పని. విప్పిన మర స్టీరింగుది కాదు.

శ్రోతలు గుర్తుంచుకొనవలసినది కొంచెమే. క్రొత్తకారును తీసికొను దినముననే, వీలున్నచో డబ్బు చేతులు మారకముందే, సమతలమైన బాటపై నడిపి స్టీరింగును చూడుడు. వంకర కనబడినచో మొదటి సర్వీసువరకు ఆగక వెంటనే తెలిపి, ఆ సంగతిని సర్వీసు కాగితముపై వ్రాయించుడు. అలైన్‌మెంటు సవరణకు ఉచిత గడువు వారంటీ పుస్తకములో తరచుగా కొద్దికాలమే ఉండును. మెకానిక్కును ప్రక్కన కూర్చుండబెట్టుకొని బండి నడిపి చూపుడు. టైర్ల గాలి సరిచూచిన పిమ్మటనే కొలువుమనుడు. సవరణకు ముందు కొలతలు, తరువాతి కొలతలు, నాలుగు చక్రములకును విడివిడిగా ముద్రించిన కాగితము అడిగి తీసికొని దాచుకొనుడు. అలైన్‌మెంటు అయిన పిమ్మటను స్టీరింగు వంకరగానే ఉన్నచో పని ముగియలేదని నిస్సంకోచముగా చెప్పుడు.

ఆ సాయంకాలము తిరుగుదారిలో ముసలాయన మరల ముందు ఆసనముననే కూర్చుండిరి. చాలసేపు కొడుకు చేతులవైపు చూచి, “ఇప్పుడు మేడి నిలబడిందప్పా” అని, కిటికీవైపు తిరిగి చేలను చూడసాగిరి.